ఎడారిని గెలిచింది ఎవరు?

కాలిఫోర్నియా దక్షిణ కొసన, మెక్సికో సరిహద్దుకు దగ్గర్లో, ఇంపీరియల్ లోయలో ఉన్న ఎల్ సెంట్రోలో ఒకప్పుడు బార్బరా వర్త్ హోటల్ ఉండేది. 1915లో తెరిచారు, 1962లో కాలిపోయింది. బార్బరా వర్త్ ఒక నవలలో కథానాయిక. ఆ ఊరు ఆ నవలను తన చరిత్రగానే చెప్పుకుంది.

హెరాల్డ్ బెల్ రైట్ రాసిన ‘ది విన్నింగ్ ఆఫ్ బార్బరా వర్త్’ 1911లో వచ్చి లక్షల్లో అమ్ముడుపోయింది. చర్చి బోధకుడిగా పనిచేసిన రైట్‌ను విమర్శకులు లెక్కచేయలేదు. జనం మాత్రం పోస్టులో తెప్పించుకుని మరీ చదివారు. 1926లో సినిమా కూడా తీశారు. హాలీవుడ్ నటుడు గ్యారీ కూపర్ అందరి కళ్లలో పడింది అందులోనే. ఇప్పుడా పుస్తకం పేరు విన్నవాళ్లే అరుదు.

తల్లి చనిపోయి ఎడారిలో దొరికిన పసిపిల్ల, ఆమెను పెంచుకున్న బ్యాంకరు, కొలరాడో నదిని కాలువలోకి మళ్లించే ఇంజనీర్లు, తూము కట్టడానికి డబ్బు విదల్చని న్యూయార్కు కంపెనీ: ఇదీ కథ. ప్రేమ సంభాషణలు వచ్చిన చోటల్లా నేను పేజీలు తిప్పేశాను. నది గండి కొట్టే ఘట్టం మాత్రం ఊపిరి బిగపట్టి చదివాను. అది జరిగిన సంగతే. 1905లో కొలరాడో కట్టు తప్పి దాదాపు రెండేళ్లు పల్లంలోకి పారింది. ఇప్పటి సాల్టన్ సీ సరస్సు అలా ఏర్పడిందే. రైల్వే కంపెనీ వ్యాగన్లకు వ్యాగన్లు బండరాళ్లు కుమ్మరించి 1907లో గండి పూడ్చింది. కాటన్ దొరకు విగ్రహాలు పెట్టుకున్న మనకు ఇంజనీరు కథానాయకుడు కావడం వింతేమీ కాదు.

ఆ గండి దగ్గర చెమటోడ్చిన కొకోపా, యూమా ఆదివాసీ తెగల కూలీల సంగతే నాకు మింగుడుపడలేదు. నవలలో వాళ్లలాంటివాళ్లది వెనక వరసే. పెట్టుబడి మంచివాడి చేతిలో ఉంటే చాలు, అది లోకసేవేనని రైట్ నమ్మకం. కాబట్టి ఘనతంతా బ్యాంకరుకూ ఇంజనీరుకూ పోయింది. శైలి బాగాలేదని వెక్కిరించడం కన్నా విమర్శకులు ఈ సంగతి పట్టుకుని ఉంటే బాగుండేది.

అదే ఇంపీరియల్ లోయకు పంజాబీ రైతులూ వచ్చారు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదన్న 1913 నాటి కాలిఫోర్నియా చట్టం, భారతీయులకు ఆ అర్హత లేదంటూ 1923లో తింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కలిసి వాళ్ల పేరున సెంటు భూమి ఉండనివ్వలేదు. బర్కిలీలో గణితంలో డాక్టరేట్ చేసిన దలీప్ సింగ్ సౌంద్ అక్కడే సేద్యం చేశారు. 1949లో పౌరసత్వం వచ్చింది. 1956లో ఆ ప్రాంతం నుంచే అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి భారతీయుడయ్యారు. రైట్ నవల పక్కన సౌంద్ ఆత్మకథ పెట్టుకుని చదివితే ఆ లోయ పూర్తిగా కనిపిస్తుంది.

ఇక అమెరికాలో మన తెలుగు సంఘాలు వేసే సావనీర్ల, అంటే ప్రత్యేక సంచికల సంగతి. తొలితరం అనగానే డాక్టర్లు, ఇంజనీర్లు, దాతల ఫొటోలే. పెట్రోలు బంకుల్లో రాత్రి డ్యూటీలు చేసి ఫీజులు కట్టుకున్నవాళ్లు, చదువు చేతిలో ఉండీ వీసా అడ్డొచ్చి ఏళ్లకేళ్లు ఇంట్లో ఉండిపోయిన ఆడవాళ్లు ఏ పేజీలోనూ కనిపించరు. వచ్చే సంచికకు వ్యాసాలు అడిగేటప్పుడు సంపాదకవర్గం వాళ్లకు కూడా ఫోను చేయాలి.