మార్కుల్లో కలవని పరీక్ష, బోరులో దించిన టేపు

ఇంటర్ మొదటి సంవత్సరంలో రాసిన పర్యావరణ విద్య పరీక్ష చాలామందికి గుర్తుండే ఉంటుంది. పాసైతే చాలు, మార్కులు టోటల్‌లో కలవవు. కలవవని తెలుసు కాబట్టి ముందురోజు రాత్రి గైడు తిరగేసి, పొద్దున్నే వెళ్లి ఓజోన్ పొర గురించి నాలుగు ముక్కలు రాసి వచ్చేవాళ్లం. పర్యావరణాన్ని అన్ని స్థాయుల్లోనూ తప్పనిసరి పాఠం చేయాలని ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. అంతకుముందే, 1976లో వచ్చిన 42వ సవరణ అడవులను, నదులను, చెరువులను కాపాడటాన్ని పౌరుల ప్రాథమిక విధుల్లో చేర్చింది. ఇన్ని ఉన్నా, ఆ పరీక్ష రాసిన మాలో ఒక్కరికైనా మా హాస్టల్‌కు నీళ్లు ఏ బోరు నుంచి వస్తున్నాయో తెలియదు.

దాదాపు అదే కాలంలో, బడికి పెద్దగా వెళ్లని రైతులు కొందరు ఈ పాఠాన్ని వేరే దారిలో నేర్చుకున్నారు. 2000 దశకంలో ఉమ్మడి రాష్ట్రంలోని అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్లలో ఓ ప్రాజెక్టు నడిచింది. ఇంగ్లిష్‌లో దాని పొడి అక్షరాలు ఏపీఎఫ్‌ఏఎంజీఎస్. పలకడానికే నోరు తిరగదు. భూగర్భజలాలను రైతులే చూసుకోవాలన్నది దాని ఉద్దేశం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండగా ఉంది. నంద్యాలకు చెందిన బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ ముందుండి నడిపించింది.

ఆ ఊళ్లలో ఎవరూ ఉపన్యాసంతో మొదలుపెట్టలేదు. కొలవడంతో మొదలుపెట్టారు. ఊళ్లో ఓ వానకొలత పాత్ర పెట్టారు. పదిహేను రోజులకోసారి ఎంపిక చేసిన బోర్లలోకి టేపు దించేవారు. టేపు చివరి ముక్క నీటిని తాకగానే పైన బజర్ మోగుతుంది, అక్కడ టేపు మీద ఎంతుందో చూసి రాసుకోవాలి. మోటారు ఎంత నీరు పోస్తోందో డ్రమ్ము కింద పెట్టి, వాచీ పట్టుకుని లెక్కేసేవారు. ఈ అంకెలన్నీ ఊళ్లో అందరికీ కనిపించేలా బోర్డు మీద రాసేవారు. మగవాళ్లే కాదు, ఆడవాళ్లూ టేపు పట్టారు. ఎవరి బోరు ఎంత లోతు అన్నది అప్పటిదాకా గొప్పకో, దాపరికానికో సంబంధించిన విషయం. బోర్డు మీదికి ఎక్కాక అది ఊరి లెక్క అయింది. నా దృష్టిలో అసలు పాఠం ఇక్కడే ఉంది.

రబీ ముందు అందరూ కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేసేవారు. ఈ ఏడు పడిన వానెంత, అందులో భూమిలోకి దిగిందెంత, ఎవరు ఏ పంట ఎన్నెకరాలు వేద్దామనుకుంటున్నారు, దానికి ఎంత నీరు కావాలి? ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు కావాలనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు దాటుతుంది. వేరుశనగకు 500 అనుకుంటే 20 లక్షలతో సరి. ఈ తేడా బోర్డు మీద పడ్డాక ‘ఈసారి ఒక్క మడైనా వరి వేయకపోతే ఎట్లా’ అనే మనిషి కాసేపు ఆగుతాడు. వరి వేయొద్దని ఎవరూ అనరు. జరిమానా లేదు, సబ్సిడీ లేదు. లెక్క చూసుకుని ఇంటికి వెళ్లి ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకుంటారు.

అదే కాలంలో చట్టమూ ఉంది. 2002 నాటి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి, బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండాలి. కాగితం మీద గట్టి చట్టమే. రాత్రి రిగ్గు వచ్చి తెల్లారేసరికి వెళ్లిపోయే ఊళ్లలో దాన్ని తలచుకునేవాళ్లు తక్కువ. 2004 నుంచి ఉచిత కరెంటు కూడా తోడైంది. జేబు ఖర్చుకు భయపడి మోటారు ఆపాల్సిన అవసరమే లేకుండా పోయింది.

అయినా ఈ లెక్కలు పనిచేసిన చోట ఎందుకు పనిచేశాయి? దానికి నేల కూడా సహకరించింది. మనది చాలాచోట్ల రాతి నేల. నీరు రాతి పగుళ్లలో కొద్దిగా నిలుస్తుంది. వానాకాలం నిండుతుంది, ఎండాకాలానికి ఖాళీ అవుతుంది. ఈ ఏడు ఎక్కువ తోడితే ఈ ఏడే తెలిసిపోతుంది. వందల అడుగుల మందాన ఉన్న ఒండ్రు మట్టిలో నీరు నిలిచే పంజాబ్ రైతుకు ఆ పాఠం ఇంత త్వరగా అందదు.

ఈ ప్రాజెక్టును అతిగా పొగడాలని నాకు లేదు. ప్రపంచ బ్యాంకు 2010 నాటి నివేదికలో మెచ్చుకుంది. తర్వాత వెళ్లి చూసిన కొందరు పరిశోధకులు అంత మార్పు కనపడలేదన్నారు. రెండూ నిజమే కావచ్చు. వరి ధర పెరిగితే ఏ నీటి బడ్జెట్టూ నిలవదు. ప్రాజెక్టు డబ్బు ఆగాక టేపు పాడైతే బాగుచేయించే బాధ్యత ఎవరిది? పంచాయతీకి అప్పగించి ఉంటే ఇవాళ పరిస్థితి వేరేగా ఉండేదేమో.

ఊరివాళ్లే నీటి బడ్జెట్ వేసుకోవాలన్న ఆలోచనతో కేంద్రం 2019 డిసెంబరులో అటల్ భూజల్ యోజన తెచ్చింది. ఏడు రాష్ట్రాలను ఎంచుకుంది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. పదేళ్ల ముందే ఆ లెక్క వేసిన రైతులు మాత్రం ఇక్కడే ఉన్నారు.

మొన్న ఎండాకాలం మా అపార్ట్‌మెంట్ మీటింగులో ట్యాంకర్ల ఖర్చు మీద గొడవ జరిగింది. మన బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయని అడిగాను. ఎవరికీ తెలియదు. డిగ్రీలు లేనివాళ్లు ఆ గదిలో ఒక్కరే ఉన్నారు, వాచ్‌మన్. ఆయనది అనంతపురం వైపు. వంద అడుగుల దాకా టేపు తెస్తే దించి చూద్దాం సార్ అన్నాడు. ఇంకా తేలేదు.