లావా వ్యూ ప్లాట్లు: టైటిల్ క్లియర్, బ్యాంకు లోన్ లేదు

ఆరు నెలల్లో 21 వేల ఎకరాలు. ఇది ఏ నాయకుడి బినామీల లెక్కా కాదు. ఐస్‌లాండ్ నడిమధ్య, హోలుహ్రౌన్ అనే చోట 2014 ఆగస్టు ఆఖరున నేల చీలి లావా పారడం మొదలైంది. 2015 ఫిబ్రవరి 27న గానీ ఆగలేదు. అంతా అయ్యాక కొలిస్తే దాదాపు 85 చదరపు కిలోమీటర్ల సరికొత్త నేల తేలింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కకుండా, ఒక్క సంతకం ఫోర్జరీ చేయకుండా ఇంత భూమి పుట్టుకురావడం మన అనుభవంలో లేదు.

కొనేవాడి కళ్లతో చూడండి. లింకు డాక్యుమెంట్లు అడగక్కర్లేదు, ముందు ఓనరే లేడు. అన్నదమ్ముల పంపకాలు లేవు, ఆడపడుచుల సంతకాలు లేవు. అసైన్డ్ కాదు, సీలింగ్ కాదు, చెరువు శిఖమూ కాదు. ఒకే ఒక్క లోపముంది. ఈ లావా పక్కనున్న యోకుల్సా నది దారిలోకి చొరబడి, నీళ్లను పక్కకు నెట్టేసింది. మనవాళ్లకిది లోపంలా కనిపించదు, ధైర్యమిస్తుంది. నదినే జరిపిన వెంచరంటే వెనక పెద్దవాళ్లెవరో ఉన్నట్టే కదా.

మరి ఇంత భూమిని ఐస్‌లాండ్ వాళ్లేం చేశారు? ఏమీ చేయలేదు. హద్దురాళ్లు పాతలేదు, ఆర్చి కట్టలేదు, గేటు ముందు రెండు ఏనుగు బొమ్మలైనా పెట్టలేదు. పైగా అక్కడి వాత్నయోకుల్ నేషనల్ పార్కును 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్పించుకుని, ఇక ఎవరూ ముట్టుకోకుండా తాళం వేసేశారు. జనాభా చూస్తే నాలుగు లక్షలకు అటూ ఇటూ. మన దగ్గర ఒక మోస్తరు పట్టణం. ఆ కాస్త జనం దేశమంతా అంచుల వెంబడి సర్దుకుని కూర్చుని, మధ్య భాగాన్ని గాలికొదిలేశారు. ఇలాంటి దేశం జీడీపీ గురించి మాట్లాడుతుందంటే నమ్మబుద్ధి కాదు.

సరే, సైట్ విజిట్‌కు వెళ్దాం. మన దగ్గరైతే ఏసీ బస్సు, మధ్యాహ్నం బిర్యానీ, కొనకపోయినా చేతిలో స్వీట్ బాక్సు. ఐస్‌లాండ్ లోపలి భాగానికి వెళ్లాలంటే ఎఫ్ అనే అక్షరంతో మొదలయ్యే మట్టిరోడ్లే గతి. జూన్ చివర్లోనో జూలైలోనో తెరుస్తారు. సెప్టెంబరులో మంచు పడిందంటే మూసేస్తారు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి లేకపోతే ఆ రోడ్డెక్కడమే నేరం. దారిలో వాగులుంటాయి, వంతెనలుండవు. హిమనదాల నుంచి వచ్చే వాగుల్లో ఎండెక్కే కొద్దీ మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి కాబట్టి పొద్దున్నే దాటమని చెబుతారు. వాగు దాటడానికి ముహూర్తం పెట్టుకునే దేశం ఇంకొకటి ఉందని తెలిసి నాకైతే ఆనందమే కలిగింది.

అద్దె కారు ఇన్సూరెన్సు చదవాలి అసలు. గాలికి ఇసుక, బూడిద కొట్టుకొచ్చి కారు రంగు లేచిపోతుందని, దానికి విడిగా ప్రీమియం కట్టించుకుంటారు. వాగులో ఇంజను మునిగితే మాత్రం మామూలుగా ఏ ప్రీమియమూ అక్కరకు రాదు. అంటే అగ్నిపర్వతం బూడిదకైనా పూచీ ఉంది కానీ, మీ తెలివికి లేదన్నమాట. వాగులో ఇరుక్కుంటే వచ్చి లాగేది ప్రభుత్వం కూడా కాదు, వాలంటీర్లు. పగలు ఉద్యోగాలు చేసుకునే మనుషులు. వాళ్ల ఖర్చుల్లో పెద్ద భాగం ఎలా వస్తుందో తెలుసా? కొత్త సంవత్సరానికి టపాసులు అమ్మి. డిసెంబరు 31 రాత్రి ఊరంతా చిచ్చుబుడ్లు కాలిస్తే, జూలైలో మనవాడి కారు ఒడ్డుకొస్తుంది.

ఇక అమెనిటీస్. హోలుహ్రౌన్‌కు దగ్గర్లోని అస్క్యా అనే అగ్నిపర్వతం దగ్గర లేక్ వ్యూ ఉంది. సుమారు 220 మీటర్ల లోతు సరస్సు, 1875 విస్ఫోటం తర్వాత నేల కుంగి ఏర్పడింది. ఆ ఏడాది బూడిద స్కాండినేవియా దాకా వెళ్లింది. ఐస్‌లాండ్ తూర్పున పచ్చిక పాడై, బతుకుతెరువు లేక వేలమంది ఉత్తర అమెరికాకు వలసపోయారు. 2014 జూలైలో ఒక రాత్రి కొండచరియ విరిగి అదే సరస్సులో పడితే, నీళ్లు గట్టు మీదికి పదుల మీటర్ల ఎత్తున ఎగిశాయి. లేక్ వ్యూ మన దగ్గరికే వస్తుందని ఏ బ్రోచరైనా హామీ ఇవ్వగలదా? సరస్సు పక్కనే బిలంలో పాలరంగు గోరువెచ్చని నీళ్లు, కుళ్లిన గుడ్ల వాసనతో. దాన్ని స్విమ్మింగ్ పూల్ అని రాసుకోవచ్చు. వాసన సంగతి కింద స్టార్ గుర్తు పెట్టి చిన్నక్షరాల్లో వేస్తే సరిపోతుంది.

ఇక్కడికి 1965లో, 1967లో అపోలో వ్యోమగాములను నాసా శిక్షణకు పంపింది. రెండోసారి నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా వచ్చాడు. చంద్రుడి మీద ఎకరం కొన్నామని సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకున్న మనవాళ్లు ముందుగా చూడాల్సిన మోడల్ హౌస్ ఇదే.

ఇక్కడ నిజంగా కాపురమున్నవాడి అభిప్రాయం కూడా తెలుసుకోవాలి. ఫ్యాల్లా ఎవిందుర్ అనే 18వ శతాబ్దపు దొంగ, చట్టానికి దొరకకుండా ఏళ్ల తరబడి ఈ లోపలి భాగాల్లోనే బతికాడు. 1774-75 చలికాలం ఇక్కడికి దగ్గర్లోనే, రాళ్ల సందున, పచ్చి గుర్రం మాంసం, మొక్కల వేళ్లు తిని గట్టెక్కాడని చెబుతారు. అప్పట్లో ఇక్కడికి రావాలంటే ముందు నేరం చేయాలి. ఇప్పుడు ఈఎంఐ కడితే చాలు. అయితే వచ్చాక కొత్త నేరం చేసే అవకాశం మాత్రం ఉంది. రోడ్డు దిగి బండి నడపడం. నాచు మీద టైరు పడితే అది మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుందట, జరిమానా గట్టిగానే వేస్తారు. నాచు కోసం! మన దగ్గర చెరువు పోయినా ఇంత పట్టింపు లేదు.

మనకు లావా లేక కాదు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు పుట్టిన దక్కన్ లావా, వెయ్యి కిలోమీటర్లు ప్రయాణించి రాజమండ్రి దాకా వచ్చిందని శాస్త్రజ్ఞుల మాట. భూమ్మీద అంత దూరం పారిన లావా మరొకటి తెలియదంటారు. గోదావరికి ఇటు కాతేరులో, అటు పంగిడి, గౌరీపట్నంల్లో ఆ రాయి కనిపిస్తుంది. రెండు లావా పొరల మధ్య సముద్రపు గవ్వల శిలాజాలున్న సున్నపురాయి కూడా ఉంది. అంత దూరం నుంచి వచ్చిన చుట్టాన్ని మనం ఊరికే కూర్చోబెట్టలేదు. క్రషర్లో వేసి, ఇరవై ఎమ్ఎమ్, నలభై ఎమ్ఎమ్ సైజుల్లో టిప్పర్లకెత్తించి రోడ్లకు పోశాం. కాబట్టి గోదావరి జిల్లాల నుంచి ఐస్‌లాండ్ బయల్దేరే కుటుంబం విమానాశ్రయానికి వెళ్లే దారిలో చాలా దూరం లావా మీదే పోతుంది. దీనికి టికెట్ లేదు, బూడిద ప్రీమియం లేదు. వానాకాలంలో గుంతలు, నీళ్లు మాత్రం ఎఫ్ రోడ్డుకు ఏమాత్రం తీసిపోవు, వాలంటీర్లే ఉండరు.