స్టీరింగ్ లూజైందంటే గేర్ పోయినట్టేనా?

రైడింగ్ మోవర్ (ఎక్కి కూర్చుని నడిపే గడ్డి కోసే బండి) స్టీరింగ్ సరిగా లేదని ఎవరు చెప్పినా ఒకటే జవాబు వస్తుంది. "గేర్ అరిగిపోయి ఉంటుంది, మార్చేయండి." బండి కిందికి వంగి చూడరు, ముందు చక్రం పట్టుకుని ఊపి కూడా చూడరు. ఆ మాట నమ్మి నేను చాలా పోగొట్టుకున్నాను. అందుకే ఇది కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నా బండిలో స్టీరింగ్ పావు చుట్టు తిప్పేదాకా చక్రాలు కదిలేవి కావు. మెకానిక్ చూసీ చూడగానే సెక్టర్ గేర్ అన్నాడు. స్టీరింగ్ రాడ్ కింది చివర పినియన్ అనే చిన్న గేర్ ఉంటుంది. దాని పళ్లతో కలిసి తిరిగే అర్ధచంద్రాకారపు పళ్ల పలకే సెక్టర్ గేర్. అది మార్చాలంటే చాలా మోడళ్లలో బ్లేడ్లుండే డెక్ మొత్తం దించాలి. దించారు, కొత్తది వేశారు. తీరా ఎక్కి కూర్చుంటే ఆ పావు చుట్టు అలాగే ఉంది.

అప్పుడు నేనే మొదలుపెట్టాను. తాళం తీసేసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, పార్కింగ్ బ్రేక్ వేశాను. మా అమ్మాయిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పమన్నాను. జాకీ పెట్టలేదు. చక్రాలు నేల మీద, బరువు మీద ఉంటేనే లూజు ఎక్కడుందో బయటపడుతుంది. నేను బండి ముందు నేల మీద పడుకుని ఒక్కో ముక్కా చూసుకుంటూ వచ్చాను. పినియన్ తిరగ్గానే గేర్ తిరుగుతోంది. గేర్ తిరగ్గానే దాన్నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ కదులుతోంది. కడ్డీ చివర బాల్ జాయింట్ (గిన్నెలాంటి గుంటలో గుండు తిరిగే కీలు) దగ్గరికొచ్చేసరికి మాత్రం కడ్డీ కదులుతోంది గానీ చక్రం కదలడం లేదు. జాయింట్ లోపల బాల్ లొడలొడలాడుతోంది. "దొరికిందా నాన్నా?" అని పైనుంచి అడిగింది. దొరికింది. పానాతో విప్పి మార్చేసే చిన్న ముక్క అది. దానికోసం నిక్షేపంలా ఉన్న గేర్‌ని పీకి పారేశాం. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే.

గేర్ ఎప్పుడూ పోదని నేను అనడం లేదు. తిప్పుతుంటే పళ్లు జారి టక్కుమని చప్పుడొస్తే, పళ్ల కొసలు సన్నబడి కనిపిస్తే అది నిజంగానే పోయింది. కానీ పళ్లు బాగుండి రెండు గేర్ల మధ్య ఎడం మాత్రమే పెరిగితే, కొన్ని మోడళ్లలో నట్టు బిగించో, వాషర్ వేసో దగ్గరికి తేవచ్చు. ఒక్కోసారి గేర్‌ని పట్టి ఉంచే బోల్టే వదులవుతుంది, అంతే.

ఇక స్టీరింగ్ బిగుసుకుపోతే ముందు గాలి చూడండి. ఇంట్లో వాడే చాలా బళ్లకు ముందు టైర్లలో సుమారు 14 పీఎస్ఐ, వెనక 10 పీఎస్ఐ ఉండాలి. మీ బండి అంకె మాన్యువల్లో ఉంటుంది. తక్కువ ప్రెషర్ చూపించే గేజ్ వాడండి, కార్ల గేజ్ ఇంత తక్కువ గాలిని సరిగా చూపించదు. ముందు టైర్లలో గాలి తగ్గితే అవి నేలకు అతుక్కుని చేతులు లాగేస్తాయి. ఒక వైపే తగ్గితే బండి ఆ వైపు గుంజుతుంది.

గాలి సరిగానే ఉంటే తర్వాత గ్రీజు. ముందు చక్రం తిరిగే నిలువు ఇరుసును స్పిండిల్ అంటారు. అది బుష్ అనే గొట్టంలాంటి ముక్కలో తిరుగుతుంది. ముందు భాగం ఎత్తి, కింద గట్టి స్టాండు పెట్టి, పాత మురికి బయటికొచ్చేదాకా గ్రీజ్ గన్‌తో కొట్టాలి. బుష్ అరిగి రంధ్రం కోడిగుడ్డులా సాగితే చక్రం ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు ఎంత గ్రీజు కొట్టినా లాభం లేదు, బుష్ మార్చాల్సిందే. నాకు అసలు కోపం ఇక్కడే. కొన్ని బళ్లకు ఈ చోట గ్రీజు ఎక్కించే చిన్న మూతి, అదే గ్రీజు నిపులే పెట్టరు. ఒక చిన్న నిపుల్ పెట్టి ఉంటే ఏళ్ల తరబడి నిలిచే ఇరుసు, ఎండిపోయి బుష్‌ని తినేస్తుంది. దుమ్ములో, తడి గడ్డిలో తిరిగే బండికి గ్రీజు పట్టే దారి లేకుండా చేయడం అన్యాయం.

చెట్టు మొద్దుకు గుద్దిన తర్వాత బండి పక్కకు లాగుతుంటే టై రాడ్, అంటే ముందు చక్రాలను తిప్పే కడ్డీ, వంగిందేమో చూడండి. దాన్ని సుత్తితో సాపు చేసి మళ్లీ వాడొద్దు, కొత్తది వేయండి. రెండు ముందు టైర్ల మధ్య దూరం ముందువైపు కంటే వెనకవైపు కొద్దిగా ఎక్కువ ఉండాలి. ఎంతన్నది మాన్యువల్ చెబుతుంది. స్టీరింగ్ చక్రం బదులు రెండు లీవర్లుండే జీరో టర్న్ బండి అయితే, మొదట వెనక టైర్లు రెండింటిలో గాలి సమానం చేసి, ఆ తర్వాతే లీవర్ల సర్దుబాటు ముట్టుకోండి.

స్టీరింగ్‌లో లూజు ఉన్నంతకాలం వాలు నేల మీదికి మాత్రం బండి తీసుకెళ్లకండి. అక్కడ ఆ పావు చుట్టు ఆలస్యం చాలు బోల్తా కొట్టడానికి. మెకానిక్ గేర్ మార్చాలంటే, కదలిక ఎక్కడ ఆగిపోతోందో వేలు పెట్టి చూపించమనండి. చూపించేదాకా డెక్ దించనివ్వకండి.