లింటర్ హెచ్చరికలన్నీ రివ్యూలో కుమ్మరిస్తే చదివేదెవరు?

తిరుపతిలో లాడ్జి బుకింగ్, ఆసుపత్రి బిల్లింగ్ లాంటి సాఫ్ట్‌వేర్ రాసే చిన్న టీముల్లో కోడ్ రివ్యూ చేసే సీనియర్ సాధారణంగా ఒక్కరే. క్లయింటు ఫోన్లు ఎత్తేదీ, సర్వర్ పడిపోతే లేపేదీ ఆయనే. పుల్ రిక్వెస్టు (రాసిన మార్పును అసలు కోడ్‌లో కలపమన్న అభ్యర్థన) పెట్టగానే ఏఐతో రివ్యూ చేయించి, కోడ్‌ను నడపకుండానే రూళ్ల ప్రకారం తప్పులు పట్టే లింటర్‌ను కూడా దానికి జోడిస్తే ఆయన భారం తగ్గుతుందన్నది ఆశ. జోడించడం మంచిదే, తేడా వస్తున్నదల్లా జోడించే తీరులోనే.

చాలాచోట్ల లింటర్ చెప్పిందంతా కామెంట్లుగా కుమ్మరిస్తారు. మార్చింది పది లైన్లయితే కామెంట్లు నలభై వస్తాయి. సగం ఎప్పుడో ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్లిపోయిన కుర్రాడు రాసిన కోడ్ మీదే. కొన్నాళ్లు ఓపిగ్గా చదువుతారు, ఆ తర్వాత చూడకుండానే 'రిజాల్వ్' (సంగతి తేలిపోయింది) అని నొక్కేస్తారు. అచ్చం 'నాన్నా పులి' కథే.

పెద్ద కంపెనీలూ ఈ దెబ్బ తిన్నాయి. కోడ్‌లో లోపాలు వెతికే ఇన్‌ఫర్ గురించి ఫేస్‌బుక్ ఇంజినీర్లు 2019లో రాసింది చూడండి. లోపాలను జాబితాగా చేతికిచ్చినప్పుడు దిద్దినవాళ్లు దాదాపు లేరు. అదే విశ్లేషణ ఫలితాన్ని కోడ్ మార్పు రివ్యూకు వచ్చినప్పుడే చూపిస్తే 70 శాతానికి పైగా దిద్దారు. అంటే మొదటి పని, మార్చిన లైన్ల మీది హెచ్చరికలే రివ్యూలోకి రానివ్వడం. స్పేసులు, కొటేషన్ల పంచాయితీ అసలు అక్కడిదాకా రాకూడదు. కమిట్‌కు, అంటే మార్పును భద్రపరచడానికి ముందే, కోడ్ రూపాన్ని సరిచేసే ఫార్మాటర్ వాటిని సర్దేస్తుంది.

మిగిలిన వాటిలోనే ఏఐకి అసలు పని ఉంది. బుకింగ్ ఫంక్షన్‌లో గదుల జాబితాకు డిఫాల్టుగా ఖాళీ లిస్టు పెట్టారనుకుందాం. పైథాన్‌లో ఆ లిస్టు ఫంక్షన్‌ను నిర్వచించినప్పుడు ఒక్కసారే తయారవుతుంది, పిలిచిన ప్రతిసారీ కొత్తది రాదు. పొద్దున దిగిన కుటుంబం గది సాయంత్రం వచ్చినవాళ్ల బిల్లులో తేలుతుంది. టెస్టులో ఒక్క బుకింగే చేసి చూస్తే ఇది బయటపడదు, బ్రహ్మోత్సవాల రద్దీలో కౌంటర్ దగ్గర బయటపడుతుంది. ఆన్ చేసి పెట్టుకుంటే రఫ్ లింటర్ దీన్ని బి006 అన్న రూలుతో పట్టేస్తుంది. అయితే ఫంక్షన్ ఆ లిస్టును చదివి వదిలేస్తోందా, దానిలో కలుపుతోందా అన్నది రూలుకు పట్టదు, రెండు చోట్లా ఒకే హెచ్చరిక ఇస్తుంది. చుట్టూ ఉన్న కోడ్ చదివి "ఇక్కడ బిల్లు తప్పు వస్తుంది" అనో, "ఇక్కడ ప్రస్తుతానికి ప్రమాదం లేదు" అనో చెప్పాల్సింది ఏఐ. ఒక్క వాక్యం చాలు. ఈ ఏఐలకు వ్యాసాలు రాసే జబ్బు ఉంది, దాన్ని మనమిచ్చే ప్రాంప్టు (ఆదేశం)లోనే కట్టడి చేయాలి.

పెత్తనం మాత్రం దానికి ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఒకే కోడ్‌కు లింటర్ ఇవాళ, రేపు ఒకే మాట చెబుతుంది. ఏఐ మాట రన్ రన్‌కీ మారవచ్చు. కాబట్టి మెర్జ్‌ను, అంటే మార్పు అసలు కోడ్‌లో కలవడాన్ని, ఆపే అధికారం టీము కూర్చుని ఎంచుకున్న కొద్దిపాటి లింటర్ రూళ్లకే ఉండాలి. ఏఐ పక్కన పెట్టిన హెచ్చరికలు కూడా ఎందుకు పెట్టిందో కారణంతో సహా రికార్డులో కనిపించాలి. ఇంకో సంగతి, దిద్దమని అడిగితే అసలు లోపం వదిలేసి "ఈ లైను మీద హెచ్చరిక వద్దు" అన్న కామెంటు తగిలించి చేతులు దులుపుకునే అలవాటు కూడా ఏఐకి ఉంది. కొత్తగా అలాంటి కామెంటు చేరితే సీనియర్ చూడందే మెర్జ్ కాకూడదు.

గూగుల్ కోడ్‌లో లోపాలు వెతికే తన ట్రైకోర్డర్ వ్యవస్థలో ప్రతి హెచ్చరిక పక్కనా 'ఉపయోగం లేదు' అని చెప్పే బటన్ పెట్టింది. పనికిరానివని డెవలపర్లు అనే హెచ్చరికలు 10 శాతం లోపు ఉండాలన్నది అక్కడి లెక్క, మించితే ఆ హెచ్చరిక ఇచ్చే చెకర్‌ను బాగుచేయాలి, లేదా తీసేయాలి. చిన్న టీముకు అంత వ్యవస్థ ఎందుకు? వారానికోసారి టీ తాగుతూ, ఎవరూ పట్టించుకోని రూలు ఏదో చూసి ఆపేస్తే సరిపోతుంది.