సీ వ్యూ అసలు లబ్ధిదారు

విశాఖలో సముద్రం కనబడే ఫ్లాటు కోసం చదరపు అడుగుకి అదనంగా కడుతున్నవారికి ఒక మనవి. ఆ డబ్బు మీ సుఖానికి కాదు. బాల్కనీలో మీరు నిలబడేది టీ తాగినంత సేపు. ఆ గాలిని రేయింబవళ్లు అనుభవించేది బీరువా వెనక కాపురముండే సిల్వర్‌ఫిష్ అనే పురుగు. తేమ 75 శాతం దాటితే దానికి పండగ. ఎంవీపీ కాలనీ నుంచి రుషికొండ దాకా ఆ పండగ ఏడాదిలో చాలా నెలలు నడుస్తూనే ఉంటుంది.

అర్ధరాత్రి బాత్రూమ్ లైటు వేయగానే అర అంగుళం పొడవున వెండి రంగులో మెరిసి, చేపలా మెలికలు తిరుగుతూ టైల్స్ సందులోకి దూరేది అదే. రెక్కలుండవు. ముందు రెండు పొడవాటి మీసాలు, వెనక మూడు తోకలు. చెదలని కంగారు పడొద్దు. చెదలు మట్టి దారులు కట్టుకుని గుంపుగా వస్తాయి, దీనికి అంత ఆర్భాటం లేదు. కుట్టదు, రోగాలు అంటించదు. అసోసియేషన్ మీటింగులో ఇంత మంచి పేరున్న సభ్యుడు మరొకడు లేడు.

ఎన్నికలొస్తే మన ఊళ్లో లోకల్, నాన్‌లోకల్ గొడవ మొదలవుతుంది కదా. దీని వంశం డైనోసార్లకంటే పాతది. ఇక మాట్లాడేదేముంది?

భోజనం విషయంలో మాత్రం మన ఆతిథ్యాన్ని మెచ్చుకోవాలి. దానికి ఇష్టం పిండి, జిగురు, గంజి. మనం గంజి పెట్టిన నూలు చీరలు మడతపెట్టి దాస్తాం. ఆన్‌లైన్‌లో వచ్చిన ప్రతి అట్టపెట్టెనీ ‘ఎందుకైనా పనికొస్తుంది’ అని అటకెక్కిస్తాం. ఆ అట్ట పొరల మధ్య ఉండేది చాలావరకు పిండి జిగురే. ఇక శుభలేఖలు! పసుపు రాసినవి పారేయకూడదని పెద్దవాళ్లు కట్టలు కట్టి ఉంచుతారు. మనం వెళ్లని పెళ్లిళ్లలో కూడా విందు దానికి దక్కుతోంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి తడిసిన పుస్తకాలను సరిగా ఆరకుండానే పెట్టెకెత్తి, ఇంతవరకూ విప్పని ఇళ్లున్నాయి. విప్పి చూడండి: కాగితం పైపొర గీకేసి ఉంటుంది, అంచుల్లో వంకరటింకర చిల్లులు, పసుపు మరకలు, నల్లటి నలుసులు, విడిచిన పొట్టు. చదివినవాడి గుర్తులు ఆ పుస్తకంలో ఇవే.

దీన్ని ఖాళీ చేయించడానికి మనం చేసేది, ఒక స్ప్రే కొట్టి తలుపులు బిగించి సినిమాకి వెళ్లడం. నీరు దొరికితే తిండి లేకుండా ఏడాది వరకు బతకగలిగే ప్రాణి మూడు గంటల సినిమాకి బెదురుతుందా?

బెదిరేది పొడితనానికి. కారే పైపు బాగుచేయించాలి, బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగాలి, బీరువాని గోడకి జానెడు ఎడంగా జరపాలి, ఎండ కాసిన రోజు పుస్తకాలు డాబా మీదకి చేరాలి. గోడవారన పగుళ్లు వైట్ సిమెంటుతో పూడ్చాలి. ఇదంతా ఖర్చు తక్కువ, పని ఎక్కువ కాబట్టి ఎవరికీ నచ్చదు. అయినా ఎన్ని ఉన్నాయో తెలుసుకోవాలనుంటే, గాజు సీసా బయట కాగితం టేపు చుట్టి, లోపల బ్రెడ్డు ముక్క వేసి రాత్రి పెట్టండి. టేపు పట్టుకుని ఎక్కుతాయి, నున్నటి గాజు మీద తిరిగి పైకి రాలేవు.

సందుల్లో బోరిక్ పౌడర్ కొద్దిగా చల్లినా పనిచేస్తుంది. పిల్లలకి, పెంపుడు జంతువులకి అందకూడదు. డబ్బా మీద పేరు పెద్దక్షరాలతో రాసి, వంటింట్లో పంచదార పక్కన మాత్రం పెట్టకండి.