సవరణ: పైపు గమ్ము గురించి నేను రాసిన తప్పు

మొన్న వంటగది సింకు కింద నేనే పైపు మార్చుకున్న సంగతి రాస్తూ, ‘పైపులు అతికించే సొల్యూషన్ ఏదైనా ఒకటే, పది నిమిషాల్లో నీళ్లు వదలొచ్చు’ అన్నాను. రెండూ తప్పే.

లేత పసుపు రంగులో ఉండే సీపీవీసీ అనే రకం ప్లాస్టిక్ పైపుకు సీపీవీసీ సాల్వెంట్ సిమెంటే (ఆ సొల్యూషన్ అసలు పేరు ఇదే) వాడాలి. తెల్లటి యూపీవీసీ ఇంకో రకం ప్లాస్టిక్, దాని సిమెంటు వేరు. ఈ సిమెంటు గమ్ములా పైన అంటుకునేది కాదు. పైపు ఉపరితలాన్నీ ఫిట్టింగ్ (పైపులను కలిపే ముక్క) లోపలి గోడనూ కరిగించి ఒకే ముక్కగా కలుపుతుంది. ప్లాస్టిక్ మారితే సిమెంటూ మారాలి. గీజర్ లైనులో ఈ తేడా ఇంకా ముఖ్యం, ఎందుకంటే యూపీవీసీ వేడినీళ్లకు పనికిరాదు.

సిమెంటు పూసి పైపును ఫిట్టింగ్‌లో దూర్చాక పావు చుట్టు తిప్పి, అర నిమిషం గట్టిగా పట్టుకోవాలి. వదిలేస్తే అదే వెనక్కి జారుతుంది (నాకు జారింది, అందుకే చెబుతున్నా). చేతికి గట్టిపడినట్టు అనిపించినా లోపల ఆరదు. డబ్బా మీద రాసిన సమయం చూడండి. తెలియకపోతే ఒక రోజు ఆగి వాల్వ్ తిప్పండి. నేను ఆగలేదు. రాత్రికి సింకు కింద బకెట్టు పెట్టాల్సి వచ్చింది.

టెఫ్లాన్ టేపు (నీళ్లు కారకుండా చుట్టే పలుచటి టేపు) గురించి అడిగినవాళ్లకు: అది మర ఉన్న, అంటే తిప్పి బిగించే జాయింట్లకే. మర కొన మీవైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టండి. సిమెంటు పూసే చోట టేపు వద్దు.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలు కొట్టేశాను.