పట్టా ఉంటే దారి మూసేయొచ్చా?

"ఎన్నారైలూ, మేలుకోండి" అంటూ ఒక వాట్సాప్ సందేశం తెగ తిరుగుతోంది. మీ పట్టా పొలంలోంచి నడిచే హక్కు ఊళ్లో ఎవరికీ లేదు, పాస్‌బుక్కులో దారి లేకపోతే లేనట్టే, వెంటనే కంచె వేయించి దాటినవాడి మీద కేసు పెట్టండి అని దాని సారాంశం. కోస్తాలో తాతల నాటి పొలాలున్నవాళ్లు స్తంభాలు దింపించేముందు ఇది చదవండి.

"పాస్‌బుక్కులో దారి లేదు." ఉండదు. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు వివరాలుంటాయి. దారి కోసం చూడాల్సింది గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల వారీ కొలతల పుస్తకం). గుంటూరు వైపు డొంక, గోదావరి వైపు పుంత అనే బండిదారి వాటిలో పోరంబోకుగా ఉంటే అది మీ పొలమే కాదు, ప్రభుత్వ భూమి. కలుపుకుంటే 1905 నాటి ఆక్రమణల చట్టం కింద తహసీల్దారు ఖాళీ చేయిస్తాడు. మీరు అమెరికాలో ఉన్నా అమలాపురంలో ఉన్నా ఒకటే.

"డొంక కాకపోతే అడిగేవాడు లేడు." అసలు తగాదాలన్నీ ఇక్కడే. తండ్రి పోయాక అన్నదమ్ములు పంచుకుంటారు. రోడ్డు పక్క ముక్క అమెరికా వెళ్లిన తమ్ముడికి, వెనక కాలవ వైపుది ఊళ్లో ఉన్న అన్నకి. మనలో మనకి కాగితాలెందుకని దారి సంగతి రాసుకోరు. కొన్నేళ్లకి, డాలస్‌లో పుట్టిన తమ్ముడి కొడుకు గేటు పెట్టిస్తాడు. పెదనాన్న పొలానికి ఇంకో దారి లేదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల (ఇతరుల భూమిని దారిలాంటి వాటికి వాడుకునే హక్కుల) చట్టం 13వ సెక్షన్ ఇలాంటి పంపకాలకు కూడా వర్తిస్తుంది: వేరే దారి లేకపోతే, కాగితం మీద లేకపోయినా దారి హక్కు పంపకంతోనే వస్తుంది. బంధుత్వం లేని పొరుగు రైతుకైతే 15వ సెక్షన్. 20 ఏళ్లు బాహాటంగా, అడ్డు లేకుండా, హక్కుగా నడిచి ఉండాలి. "పోనీలే, నడవనీ" అని మీ నాన్న ఇచ్చిన అనుమతితో నడిస్తే ఎన్నేళ్లయినా హక్కు కాదు.

సందేశం రాసినాయన యజమానులకు నిజంగా పనికొచ్చేవి వదిలేశాడు. నెత్తిన మోపుతో గట్టు మీద నడిచినంత మాత్రాన వరికోత మిషను తోలే హక్కు రాదు, అదే చట్టం 28వ సెక్షన్ చూడండి. అవసరం మీద పుట్టిన దారి, పక్కన కొత్త రోడ్డు పడి ఆ అవసరం తీరితే పోతుంది.

"దాటితే పోలీసు కేసు." గొడవ ముదిరితే విషయం ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ దగ్గరికి పోతుంది (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 166వ సెక్షన్). గత మూడు నెలల్లో, పంటకాలపు దారైతే పోయిన పంటకాలంలో, అక్కడ నడిచారా అన్నది ఆయన చూస్తాడు. నడిచి ఉంటే, దారికి అడ్డు పెట్టొద్దని ఆయన మీకే చెప్పొచ్చు.

ఊళ్లో దీనికి ఎదురు సందేశం కూడా ఉంది: పౌరసత్వం మారితే పొలం పోయినట్టే అని. అదీ తప్పే. ఓసీఐ కార్డున్నవాళ్లు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లు) వ్యవసాయ భూమి కొనలేరు గానీ వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మితే మాత్రం ఇక్కడుండే భారత పౌరుడికే అమ్మాలి. గట్టు తగాదాలోకి పాస్‌పోర్టు లాగడం ఇరువైపులా దండగే.

పొలం నడిమధ్యలోంచి పోతున్నారన్నదే మీ బాధైతే కంచె అక్కర్లేదు. అవతలివాళ్లకు నష్టం లేనంతవరకు, ఒక అంచు గట్టుకే ఆ దారిని పరిమితం చేయమని అడిగే హక్కు ఈజ్‌మెంట్ల చట్టం 22వ సెక్షన్ మీకిస్తోంది.